నేల మీది కొలను

2023వ సంవత్సరం మే నెలలో మేమిద్దరమూ మా అబ్బాయి దగ్గరకు న్యూజెర్సీ వెళ్ళాము. మేము చేరిన వారానికి వాళ్ళ ఇంటి ముందు ఒక లారీ ఆగింది. అందులోనుంచి మూడు పొడవాటి అట్టపెట్టెలనూ, చాపచుట్ట వలె చుట్టిన ఒక పెద్ద రేకు చుట్టనూ దింపి వెళ్ళారు. "ఏమిటిరా ఇది?" అని అడిగాను. "కొలను నాయనా" అన్నాడు మావాడు. కొలను అట్టపెట్టెలో వచ్చిందని వినడం నా అరవైఆరేండ్ల జీవితంలో అదే మొదలు. ముప్పది రెండేండ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాడను. తామరలు లేని కొలను, గట్టు లేని కొలను, తవ్వకుండానే వెలిసే కొలను నా పాఠాలలో ఎక్కడా లేదు.

తవ్వకుండా అన్న మాట దగ్గర కొంచెం ఆగవలసి ఉన్నది. అమరసింహుడు వారివర్గంలో పుష్కరిణికి 'ఖాతము' అని పర్యాయపదం చెప్పాడు. ఖాతమంటే తవ్వినది. మనుష్యుడు తవ్వనిది, దానంతట అదే ఏర్పడినది 'అఖాతము'. మన బంగాళాఖాతంలో ఉన్నది ఈ మాటే. పిల్లలు చాలామంది దానిని బంగాళా, ఖాతం అని విడగొట్టి, బ్యాంకు ఖాతాను తలచుకొని నవ్వేవారు. మావాడు పెరట్లో పెట్టబోయేది నేలను తవ్వక, నేల మీదనే నిలబెట్టేది కనుక, వ్యుత్పత్తి ప్రకారం అదీ అఖాతమే. ఆనాటినుంచి ఇంట్లో దానికి 'న్యూజెర్సీ అఖాతం' అన్న పేరు స్థిరపడింది.

దానిని నిలబెట్టడం చూసినవాడను గనుక ఆ క్రమం చెబుతాను. ఇరవైనాలుగు అడుగుల వ్యాసం గల గుండ్రని కొలను అది. ముందుగా ఊరి కార్యాలయంలో అనుమతి తీసుకున్నారు. చుట్టూ కంచె ఉండాలి, చిన్నపిల్లలు ఎక్కకుండా నిచ్చెన తాళం వేసుకొనే వీలుండాలి అని నిబంధన. తరువాత శని ఆదివారాలలో మావాడూ, వాడి తెలుగు మిత్రులు ముగ్గురూ పనికి దిగారు. నలుగురూ కంప్యూటర్ల ఉద్యోగులే. నడుమ ఒక మేకు పాతి, దానికి తాడు కట్టి, మన ఊళ్ళలో గానుగ గుండ్రం గీసినట్లు వృత్తం గీశారు. దాని లోపలి పచ్చికను చెక్కివేశారు. అటుపైన నేల మట్టం చేశారు. ఆ పైన అంచు చుట్టూ రేకు పట్టాలు పరచి, స్తంభాలు నిలిచే చోట్ల చదరపు రాతిపలకలు పూడ్చి, గాలి లేని ఒక ఉదయం చూసుకొని రేకు చుట్టను విప్పి నిలబెట్టారు. లోపల రెండంగుళాల మందాన మెత్తని ఇసుక పరచి, గోడ మొదట ఏటవాలుగా ఇసుక కట్ట వేసి, దాని మీద నీలిరంగు వినైల్ గుడ్డ పరచారు. ఎండకు గుడ్డ మెత్తబడే వరకు ఆగి, ముడతలు లేకుండా కాళ్ళతో సర్దారు.

నీళ్ళు వదిలిన మొదటి రాత్రే తప్పు బయటపడింది. అడుగు ఎత్తు నీరు చేరేసరికి ఒకవైపు నీటి అంచు గోడ మీద రెండంగుళాలు పైకి కనబడింది. కారణమేమంటే, పల్లమున్న వైపు వదులు మట్టి పోసి ఎత్తు చేశారు. ఆ మట్టి నీటి బరువుకు కుంగింది. ఎత్తును చెక్కి పల్లంతో సమం చేయాలే గాని, పల్లాన్ని నింపి ఎత్తుతో సమం చేయరాదు. మన తాపీ మేస్త్రిని అడిగితే ఒక్క మాటలో చెప్పేవాడు. ఎన్ని రసమట్టాలు పెట్టి చూసినా, నీటిని మించిన రసమట్టం లేదు. నీరు ఎవరి మొహమాటమూ చూడదు.

మళ్ళీ తోడిపోసి, గుడ్డ తీసి, మొదటినుంచి చేశారు. ఈసారి నాలుగు అడుగుల లోతు నీరు నింపడానికి తోటగొట్టంతో ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. లెక్క కట్టి చూశాను. దాదాపు యాభై ఒక్క వేల లీటర్లు, అంటే యాభై ఒక్క టన్నుల బరువు. పది ఏనుగులను పెరట్లో కట్టివేసినట్లు. పలుచని రేకు గోడ, చేతి రుమాలంత మందం గుడ్డ ఇంత నీటిని నేల మీద నిలబెట్టి ఉంచాయి. భారతంలో దుర్యోధనుడు మడుగులో దాగినప్పుడు నేర్చిన జలస్తంభన విద్య ఇదే కాబోలు అనుకున్నాను. గుండ్రంగా ఉండడంలోనే కిటుకున్నది. నీటి ఒత్తిడి అన్ని వైపులా సమంగా తోస్తుంది గనుక ఆ రేకు బిగువెక్కి, పీపాకు వేసిన ఇనుపపట్టా వలె తనను తానే నిలుపుకొంటుంది.

మా ఆవిడ గంగమ్మ తల్లికని నీటిలో పసుపు కుంకుమలు చల్లింది. ఫిల్టరు పాడవుతుందేమోనని కోడలు భయపడింది గాని నోరెత్తి ఏమీ అనలేదు.

*

పెరటి కొలను చూస్తూ కూర్చున్నప్పుడు, ఈ వేడుక మనుష్యులకు ఎప్పటినుంచి వచ్చిందా అన్న ఆలోచన కలిగింది. మావాడి కంప్యూటరులోనూ, ఆ ఊరి గ్రంథాలయంలోనూ కొంత చదివాను. చదివినది ఇక్కడ క్రమంగా చెబుతాను.

ఇటుకతో కట్టిన స్నానపు కొలనులలో మనకు తెలిసినంతలో మిక్కిలి పాతది మొహెంజొదారోలోనిది. ఇంచుమించు పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు. రెండు వైపులా మెట్లు. నీరు ఇంకిపోకుండా ఇటుకల మధ్య జిప్సం గచ్చు, దాని వెనుక తారు పూత. మురికినీరు పోవడానికి తూము. నాలుగువేల అయిదువందల ఏండ్ల నాటి ఆ తారు పూత చేసిన పనినే ఇవాళ మావాడి వినైల్ గుడ్డ చేస్తున్నది.

మన తెలుగునేల మీద కొలను కంటే చెరువుకే గౌరవం ఎక్కువ. సప్తసంతానాలలో తటాకాన్ని కొడుకుతో, కావ్యంతో, దేవాలయంతో సమానంగా లెక్కించారు. మా కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లపాటు పనిచేసినట్లు ఆ శాసనమే చెబుతున్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడ రాతిపై చెక్కించారు. కట్ట కారడం ఒక దోషం. చెరువు నడుమ తాబేటి వీపు వలె మిట్ట ఉండడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం ఒక దోషం. నేల మట్టం విషయంలో మావాడు చేసిన పొరపాటుకు దూరపుబంధువు ఆ శాసనంలో ఆరున్నర శతాబ్దాల కిందటే ఉన్నదన్నమాట. సరిహద్దు దోషాన్ని గూర్చి మాత్రం తరువాత చెప్పవలసి వస్తుంది.

ఇక జలక్రీడ. ప్రబంధానికి చెప్పిన అష్టాదశ వర్ణనలలో అదీ ఒకటి. వసంతోత్సవము, పుష్పాపచయము, వెంటనే జలక్రీడ. అయితే ఆ జలక్రీడలు రాజులవి, రాజు అంతఃపురానివి. కొలను చుట్టూ ప్రాకారం, ప్రాకారం చుట్టూ కావలి. ఆ కొలనులో నీళ్ళు మోసి పోసినవారిని గూర్చి ఏ కవీ ఒక పద్యమైనా ఖర్చుచేయలేదు.

*

అమెరికాలో సామాన్యులకు ఈతకొలను వచ్చింది పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో. అది వినోదం కోసం కాదు, స్నానం కోసం. ఇండ్లలో స్నానపుగదులు లేని కూలిజనం ఒళ్ళు కడుక్కొనడానికి ఫిలడెల్ఫియా వంటి నగరాల పురపాలకులు 1880లలో కొలనులు కట్టించారు. ఆడవారికి కొన్ని దినాలు, మగవారికి కొన్ని దినాలు. ఆ కాలంలో బీద తెల్లవారూ నల్లవారూ ఒకే నీటిలో స్నానం చేసిన సందర్భాలు ఉన్నాయని అమెరికా ఈతకొలనుల సాంఘిక చరిత్రను 2007లో గ్రంథంగా వెలువరించిన జెఫ్ విల్ట్సీ నిరూపించారు.

తరువాత రెండు మార్పులు వచ్చాయి. మొదటిది నీటిశుద్ధి. 1908లో న్యూజెర్సీ రాష్ట్రంలోనే, జెర్సీ సిటీ నగరంలో, తాగునీటికి నిత్యమూ క్లోరిన్ కలపడం ఆరంభించారు. ఆ పద్ధతి కొన్నేండ్లలో ఈతకొలనులకూ వ్యాపించింది. అంతకు ముందు నీరు మురికి అయిందని కంటికి తోచినప్పుడు తోడిపోసి కొత్తనీరు నింపడమే. ఇప్పుడు మా కోడలు ప్రతి ఉదయమూ ఒక కాగితపు ముక్కను నీటిలో ముంచి రంగు చూస్తుంది. క్లోరిన్ పదిలక్షల పాళ్ళలో ఒకటి నుంచి మూడు పాళ్ళు, పి.హెచ్. 7.2 నుంచి 7.8 లోపల ఉండాలట. మా జేజి కాలంలో నీళ్ళకుండలో ఇండుపగింజ అరగదీసిన దానికి ఇది మనుమరాలు.

రెండవ మార్పు వేడుక. 1920, 1930లలో అమెరికా నగరాలు వందలకొలది పెద్ద కొలనులు కట్టాయి. ఆర్థికమాంద్యంలో పనిలేనివారికి పని కల్పించే పథకం కింద ఒక్క న్యూయార్కు నగరంలోనే 1936 వేసవిలో పదకొండు మహాకొలనులు తెరిచారు. ఒక్కొక్కదానిలో వేలమంది ఈదగలిగేవారు. ఇప్పుడు స్త్రీపురుషులు కలిసి ఈదసాగారు. అప్పుడే పీట ముడి పడింది. తెల్ల స్త్రీలున్న నీటిలో నల్ల పురుషులా అన్న రోషం పుట్టింది. స్నానానికి కలిసిన నీరు వేడుకకు విడిపోయింది. దక్షిణాదిన చట్టం విడదీసింది. ఉత్తరాదిన రాళ్ళూ కర్రలూ విడదీశాయి.

సెయింట్ లూయిస్ నగరంలో ఫెయిర్‌గ్రౌండ్ పార్కు కొలను 1913లో తెరిచినది. అందులోకి నల్లవారికి ప్రవేశం లేదు. 1949 జూన్ 21న, పౌరులందరికీ హక్కున్నదని అధికారులు చెప్పగా, ముప్పదిమంది దాకా నల్లజాతి బాలురు దిగి ఈదారు. నీటిలో ఉన్నంతసేపూ ఏమీ జరగలేదు. బయట గుంపు చేరింది. వాళ్ళు వెలుపలికి వచ్చిన తరువాత కొట్టారు. సాయంత్రానికి గుంపు వేలకు పెరిగింది. నగరపాలకులు మరునాడే పాత పద్ధతికి మళ్ళారు. న్యాయస్థానం ఆజ్ఞతో 1950లో అందరికీ తెరిచారు. అప్పుడు తెల్లవారు రావడం మానివేశారు.

1964 జూన్ 18న ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ పట్టణంలో మరొకటి జరిగింది. ఒక మోటెల్ కొలనులోకి నల్లవారూ తెల్లవారూ కలిసి దిగి నిరసన తెలిపారు. మోటెల్ యజమాని మ్యూరియాటిక్ ఆమ్లం డబ్బా తెచ్చి ఆ నీటిలో పోశాడు. ఈదుతున్నవారు భీతితో అరుస్తున్న ఛాయాచిత్రం లోకమంతా చూసింది. మరునాడే పౌరహక్కుల బిల్లు సెనేటులో నెగ్గింది. జూలై 2న చట్టమైంది.

చట్టం వచ్చినా నీటికి దారులు చాలా ఉంటాయి. మిసిసిపీ రాజధాని జాక్సన్ నగరంలో అయిదు పురపాలక కొలనులుండేవి. నాలుగు తెల్లవారికి, ఒకటి నల్లవారికి. వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని న్యాయస్థానం చెప్పగానే, 1963లో నగరపాలకులు ఈ మేధావంతమైన పని చేశారు: అన్నిటినీ మూసివేశారు. నల్లవారు సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళారు. 1971లో పామర్ వర్సెస్ థాంప్సన్ తీర్పు వచ్చింది. ఇరువురికీ సమానంగా మూశారు గనుక సమానత్వానికి భంగం లేదని అయిదుగురు, కాదని నలుగురు. ఒక్క ఓటుతో కొలనులు ఎండిపోయాయి. అందరికీ నీరు లేకుండా చేయడం కూడ సమానత్వమేనన్న తర్కం మన తర్కసంగ్రహంలో ఏ హేత్వాభాసమో నాకు ఇంకా తేలలేదు.

ఈ చరిత్రకు పక్కనే మరొక చరిత్ర నడిచింది. 1926లో వాల్డో సెమన్ అన్న రసాయన శాస్త్రజ్ఞుడు పి.వి.సి. అనే పదార్థాన్ని రబ్బరు వలె మెత్తగా చేసే మార్గం కనిపెట్టాడు. యుద్ధానంతరం ఆ గుడ్డ చవక అయింది. ఇనుపరేకు చవక అయింది. కార్లు వచ్చాయి, నగరాల వెలుపల పెరళ్ళున్న ఇండ్లు వెలిశాయి, జీతాలు పెరిగాయి. 1950లో అమెరికాలో సొంతంగా తవ్వించిన కొలను ఉన్న కుటుంబాలు రెండువేల అయిదువందలు ఉండేవట. 1999 నాటికి నలభై లక్షలు. నేలమీది కొలనులు ఈ లెక్కకు వేరు. సంపద పెరగడం వల్ల వచ్చిన మార్పు ఇందులో చాలా ఉన్నది. కాని తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. ఊరి కొలను అందరిదీ కావలసి వచ్చిన ఏండ్లలోనే ఎవరి పెరటి కొలను వారిదైంది. అన్నీ కలిగినవారు పెరటిలోకి తరలిపోగా, ఊరి కొలనుకు పన్ను కట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. మిగిలినవారికి ఈత రాలేదు. అమెరికా ఆరోగ్యశాఖ 2014లో ప్రకటించిన లెక్క ప్రకారం, పదకొండు పన్నెండేండ్ల పిల్లలలో ఈతకొలనులో మునిగి మరణించేవారు, తెల్లవారితో పోలిస్తే నల్లవారిలో పది రెట్లు. చరిత్ర పుస్తకంలో ఆగిపోదు, నీటి అడుగున కూడ ఉంటుంది.

*

ఇవన్నీ చదువుతూ ఉండగానే మా పక్కింటి ఆవిడ పరిచయమైంది. నల్లజాతి స్త్రీ. డెబ్బై ఏండ్ల వయస్సు. ఆమె కూడ నావలెనే బడిపంతులుగా పనిచేసి విరమించినది. కంచె దగ్గర నిలబడి మావాడి మట్టం పనిని వినోదంగా చూసేది. మా మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, ఒకనాడు ఆమెను కొలనులోకి పిలిచింది. "నాకు ఈత రాదమ్మా" అన్నది. "మీ ఊళ్ళో కొలను లేదా?" అని ఈ పిల్ల అడిగింది. ఆమె పుట్టిన ఊరు జాక్సన్. "ఉండేది. మాకు ఒకటి ఉండేది. నాకు సరిగా నీ వయస్సున్నప్పుడు మూసివేశారు. వచ్చే వేసవికి తెరుస్తారని మా అమ్మ చెబుతూ ఉండేది" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. నేను ముందునాడే ఆ తీర్పును గూర్చి చదివినవాడను గనుక నాకు ఒళ్ళు జలదరించింది. చదివినది మనిషి రూపంలో కంచె అవతల నిలబడి ఉన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమెరికావారి పాపం లెక్కపెట్టడానికి నేనెవరిని?

మహారాష్ట్రలోని మహాడ్ పట్టణపు చౌదార్ చెరువు సంగతి మీకు తెలిసినదే. ప్రభుత్వ ధనంతో నడిచే నీటివనరులు అస్పృశ్యులకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనసభ తీర్మానించింది. 1924లో మహాడ్ పురపాలక సంఘం ఒప్పుకున్నది. కాగితం మీద తెరుచుకున్న చెరువులో దోసెడు నీరు తాగడానికి 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళవలసివచ్చింది. తాగినందుకు వారిని కొట్టారు. తరువాత నూటెనిమిది కుండల పంచగవ్యం పోసి చెరువును శుద్ధి చేశారు. పశువులు తాగినప్పుడు చెరువుకు మైల లేదు. పదేండ్ల వ్యాజ్యం తరువాత 1937లో బొంబాయి హైకోర్టు అంబేద్కర్ పక్షాన తీర్పు చెప్పింది. ఆ అనుభవమే మన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అన్న మాటలుగా కనబడుతున్నది. ప్రపంచంలో ఏ దేశపు రాజ్యాంగమైనా సమానత్వం గూర్చి చెబుతూ బావిని పేరుపెట్టి ప్రస్తావించవలసి రావడం గర్వించవలసిన విషయమా, తలవంచుకోవలసిన విషయమా?

ఇక్కడితో ఆగితే వ్యాసం ముగిసేది. ఆగలేకపోతున్నాను.

మాకు మిట్టచేనిలో ఒక దిగుడుబావి ఉండేది. కపిలతో నీరు తోడేవారు. ఎండాకాలం సెలవులలో మేము నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని అందులోనే ఈత నేర్చుకున్నాము. 1968 మే నెల. నాకు పదకొండేండ్లు. బడిలో నా పక్కన కూర్చొనే పిల్లవాడొకడు ఊరి వెలుపలి పేటనుంచి వచ్చేవాడు. లెక్కలలో నాకంటే గట్టివాడు. ఒక మధ్యాహ్నం మేకలు తోలుకొని బావి పక్కనుంచి పోతూ గట్టు మీద నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. "రారా" అన్నాను నేను. వాడు రాలేదు. మళ్ళీ పిలిచాను. వాడు ఒక్క మెట్టు దిగి, రెండు మెట్లు దిగి, కాళ్ళు తడిపాడు. అప్పుడే మా అబ్బ చేని గట్టునుంచి చూశాడు.

వాడిని ఏమన్నాడో ఇక్కడ రాయను. వాడు మేకలను కూడ వదలి పరుగెత్తాడు. మరునాడు తెల్లవారుజామునుంచి రెండు దినాలు కపిల తోలించి మా అబ్బ బావినంతా తోడించాడు. "ఎవరు పిలిచినార్రా వాణ్ణి?" అని అడిగితే నేను నోరు విప్పలేదు. తానే దిగాడని అనుకున్నారు. సెలవులయిన తరువాత వాడు బడిలో నా పక్కన కూర్చోలేదు. రాజ్యాంగం అప్పటికి పద్దెనిమిదేండ్ల వయస్సులో ఉన్నది.

ముప్పది రెండేండ్లు పాఠం చెప్పాను. సమానత్వం మీద వ్యాసరచన పోటీలు పెట్టాను, బహుమతులు ఇచ్చాను. ఈ సంగతి మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు. పోరుమామిళ్ళ శాసనంలోని ఆ దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో నీరుండడం, మా మిట్టచేని బావికీ ఉండేదని నాకు తెలుసు. ఆ సరిహద్దు మీద నిలబడి పలుకకుండా ఊరుకున్నవాడను నేను.

ఆ వేసవిలో పక్కింటి ఆవిడ కొలనులోకి దిగింది. ఆమెతో పాటు, ఎన్నడూ ఈతకు దిగని మా ఆవిడా చుడీదారుతో దిగింది. నాలుగడుగుల నీటిలో ఇద్దరు వృద్ధస్త్రీలు గోడ పట్టుకొని నిలబడితే, తొమ్మిదేండ్ల పిల్ల మధ్యలో నిలబడి, ఊపిరి పట్టి వెల్లకిలా ఎలా తేలాలో పాఠం చెప్పింది. నేను నిచ్చెన దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఆనాడే మనుమరాలికి బావి కథ చెప్పాను. అంతా విని, "తాతా, నువ్వు సారీ చెప్పావా?" అన్నది. లేదన్నాను. "ఎందుకని?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సెప్టెంబరు మొదటి వారం గడవగానే కొలనుకు శీతకాలపు ముసుగు కప్పారు. మేము తిరిగి వచ్చాము. మా ఊరి బావి ఎప్పుడో ఎండిపోయింది. చుట్టూ బోరులు పడిన తరువాత అందులో కంపచెట్లు మొలిచాయి. మా బడి మిత్రుల ద్వారా వాకబు చేయగా వాడి ఫోను నంబరు దొరికింది. బస్సు డ్రైవరుగా పనిచేసి విరమించి, కడపలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. రెండు దినాలు తటపటాయించి ఫోను చేశాను. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. అడ్డంగా, తడబడుతూ, బావి మాట ఎత్తి, "ఆ పొద్దు పిలిచింది నేనే. మా అబ్బ అడిగితే చెప్పలేదు. తప్పు నాదే" అన్నాను. యాభై అయిదేండ్ల తరువాత.

కొంతసేపు ఏమీ పలకలేదు. తరువాత చిన్నగా నవ్వాడు.

"మీ అబ్బ రెండు దినాలు కపిల తోలించినాడు గదప్పా. ఆ నీళ్ళన్నీ కాలవెమ్మడి కిందున్న మా చేనికే పారినాయి. మా నాయన ఆ తడికి రాగినారు పోసినాడు. ఆ యేడు మాకు తిండికి కొదవ లేకపోయె" అన్నాడు.

మళ్ళీ నవ్వాడు. నాకు నవ్వడానికి నోరు రాలేదు. కొంచెం ఆగి, "ఇంతకూ ఆ బాయి నీళ్ళు లోపల చల్లగుండేవా అప్పా?" అని అడిగాడు.

చల్లగా ఉండేవని చెప్పాను.